అవయవదానం: వార్త ముగిశాక ఆ ఇంట్లో మిగిలేది

జిల్లా పేజీలో ఆ వార్త దాదాపు ఒకే అచ్చులో వస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద డోన్ దగ్గరో గుత్తి దగ్గరో బైకు ప్రమాదం. తలకు గాయం. బ్రెయిన్‌డెడ్. పుట్టెడు దుఃఖంలోనూ కుటుంబం పెద్దమనసు. ఐదుగురికి పునర్జన్మ. పక్కన ఏదో కార్డు మీంచి తీసిన చిన్న ఫొటో. చదివినవాళ్లు అయ్యో అనుకుంటారు, గొప్ప మనుషులు అనుకుంటారు, పేజీ తిప్పుతారు.

ఆ కుటుంబం మాత్రం ఆ నిర్ణయంతో ఇరవై ముప్పై ఏళ్లు బతకాలి. ఆ ఏళ్ల గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ. దానం చెయ్యండి అని చెప్పే వ్యాసాలు, ర్యాలీలు, గోడ రాతలు ఉన్నాయి. చేసినవాళ్లకు తర్వాత ఏమవుతుందో చెప్పేవాటిని వెతుక్కోవాలి.

ప్రచారంలో తరచూ వినే మాట ఒకటుంది: దానం చేస్తే దుఃఖం తగ్గుతుంది. ఒప్పుకున్న కుటుంబాలను, ఒప్పుకోని కుటుంబాలను పోల్చి చూసిన విదేశీ అధ్యయనాలు అంత సూటిగా చెప్పవు. దానం చేసినంత మాత్రాన శోకం తేలిక కాదు, అట్లని బరువూ పెరగదు. కొడుకు పోయిన తల్లికి కొడుకు పోయినట్టే ఉంటుంది. తేడా వేరేచోట కనిపిస్తుంది. ఏళ్ల తర్వాత అడిగితే, ఒప్పుకున్నవాళ్లలో చాలామంది మళ్లీ అదే నిర్ణయం తీసుకుంటామంటారు. వద్దన్నవాళ్లలో 'ఒప్పుకొని ఉండాల్సింది' అనేవాళ్లు ఎక్కువ. అయితే ఒప్పుకున్న ఇళ్లలోనూ కొన్ని ఆ నిర్ణయంతో సమాధానపడవు. ఎందుకు? నాకు కనిపించినంతవరకు జవాబు దానంలో లేదు. ఐసీయూ బయట ఆ కొన్ని గంటలు ఎట్లా గడిచినాయి, సంతకం ఎవరు పెట్టినారు, తర్వాత ఊరు ఏమనింది, వీటిలో ఉంది.

ముందు అందరినీ తికమక పెట్టే సంగతి చూద్దాం. మనకు తెలిసిన చావులో ఒళ్లు చల్లబడుతుంది, ఊపిరి ఆగుతుంది. ఊర్లో ఎవరో పెద్దామె ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి తల అడ్డంగా ఊపితే ఏడుపు మొదలవుతుంది. బ్రెయిన్ డెత్‌లో ఇవేవీ ఉండవు. ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఛాతీ లేచి పడుతూ ఉంటుంది. మానిటర్ మీద గుండె గీత నడుస్తుంటుంది, మూత్రం సంచి నిండుతుంటుంది. నిద్రపోతున్నట్టే ఉన్న మనిషిని చూపించి చనిపోయినాడంటే ఏ తల్లి నమ్ముతుంది?

లోపల జరిగింది ఇది. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు మెదడు వాస్తుంది. చుట్టూ పుర్రె ఉంది కాబట్టి ఆ వాపు పోవడానికి చోటు లేదు. లోపలి ఒత్తిడి పెరిగి పెరిగి, రక్తపోటును మించిపోయిన క్షణం నుంచి మెదడుకు రక్తం ఎక్కదు. ఊపిరి తీసుకోమని ఆదేశమిచ్చే మెదడు కాండం చచ్చిపోతుంది. అది చస్తే తిరిగి రాదు. గుండె మాత్రం కొట్టుకోవడానికి మెదడు మీద ఆధారపడదు, దాని చప్పుడు దానిలోనే పుడుతుంది. వెంటిలేటర్ ఆక్సిజన్ అందిస్తున్నంతసేపు అది కొన్ని గంటలు, కొన్ని రోజులు నడుస్తుంది. తర్వాత అదీ ఆగుతుంది. కోమా ఇది కాదు. కోమాలో మెదడు కాండం బతికే ఉంటుంది, చాలామంది తమంతట తామే ఊపిరి తీసుకుంటారు, కొందరు కోలుకుంటారు. 'ఫలానా ఆయన నెల రోజులు కోమాలో ఉండి లేచినాడు కదా' అని బంధువుల్లో ఒకరు తప్పకుండా అంటారు. ఆయన నిజంగానే లేచి ఉంటాడు. ఆయనది బ్రెయిన్ డెత్ కాదు, అంతే.

దీన్ని తేల్చడం ఒక డాక్టరు చేతిలో లేదు. 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బోర్డు ధ్రువీకరించాలి. ఆస్పత్రి బాధ్యుడు, అధీకృత నిపుణుల జాబితాలోని ఒక డాక్టరు, న్యూరాలజిస్టో న్యూరోసర్జనో, చికిత్స చేస్తున్న డాక్టరు. న్యూరో డాక్టరు దొరక్కపోతే మత్తు డాక్టరో, ఫిజీషియనో, సర్జనో ఉండవచ్చని తర్వాత సడలించారు. పరీక్షలు రెండుసార్లు, మధ్యలో కనీసం 6 గంటల ఎడం ఉండాలి. కంట్లో టార్చి వేస్తారు, కంటిపాప చిన్నదవదు. కంటి పొరను తాకితే రెప్ప పడదు. చెవిలో చల్లనీళ్లు పోస్తే కళ్లు కదలవు. గొంతులో గొట్టం కదిపినా దగ్గు రాదు. చివరిది అప్నియా పరీక్ష. ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్‌ను పక్కకు తీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగేదాకా చూస్తారు. మెదడు కాండంలో ప్రాణమనేది ఏమాత్రం ఉన్నా ఆ స్థితిలో ఒక్క ఊపిరైనా ఎగబీలుస్తుంది. అదీ లేకపోతేనే రాసిస్తారు.

ఇంత పకడ్బందీగా జరిగేదాన్ని కుటుంబానికి చూపించేవాళ్లు తక్కువ. చాలా ఆస్పత్రుల్లో బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు అందేది ఒక్క ముక్క: 'బ్రెయిన్ పనిచెయ్యడం లేదు.' పనిచెయ్యకపోతే బాగుచెయ్యండి అనే కదా ఎవరికైనా తోచేది. అందుకే కొన్ని దేశాల్లో కుటుంబం కోరితే పరీక్షను దగ్గరుండి చూడనిస్తారు. అది క్రూరంగా అనిపించవచ్చు గానీ, వెంటిలేటర్ తీసినప్పుడు ఛాతీ లేవకపోవడం కళ్లారా చూసినవాళ్లకు తర్వాత 'బతికేవాడేమో' అన్న పురుగు తొలవదు. మన దగ్గర కూడా ఇంట్లో ధైర్యమున్న ఒకరిద్దరిని లోపలికి పిలిస్తే మేలని నా అభిప్రాయం. ఒక హెచ్చరిక కూడా ముందే చెప్పాలి: వెన్నుపాము నుంచి పుట్టే స్పందనల వల్ల బ్రెయిన్ డెత్ తర్వాత కూడా చెయ్యో వేలో ఒక్కోసారి కదులుతుంది. చెప్పకుండా వదిలేస్తే ఆ ఒక్క కదలిక ఆ ఇంట్లోవాళ్లను ఏళ్లకు ఏళ్లు నిద్రపోనివ్వదు.

ఇంకో చిక్కుంది. మన దేశంలో బ్రెయిన్ డెత్ నిర్వచనం అవయవ మార్పిడి చట్టంలోనే ఉంది. దానానికి ఒప్పుకోకపోతే వెంటిలేటర్ తీయాలా వద్దా అన్నదగ్గర డాక్టర్లు జంకుతారు. గుండె ఆగేదాకా నడిపిస్తూ ఉంటారు. దాంతో ఒక వింత పరిస్థితి వస్తుంది. చాలా కుటుంబాలకు 'ఇక లేడు' అన్న మాట, 'అవయవాలు ఇస్తారా' అన్న మాట ఒకే నోట, ఒకే గదిలో, పక్కపక్కనే వినబడతాయి. ఒకటి వార్త, ఇంకొకటి అడుగుడు. రెండూ కలిసొస్తే మనిషికి అనిపించేది ఒక్కటే: వీటి కోసమే వీళ్లు అట్లా అంటున్నారు. దానం గురించి కుటుంబంతో మాట్లాడే పని చేసే సమన్వయకర్తలు, శిక్షణ ఉన్నవాళ్లయితే, ఈ రెండింటినీ విడదీస్తారు. చావు సంగతి చికిత్స చేసిన డాక్టరు చెప్తాడు. ఏడ్వనిస్తారు, ఫోన్లు చేసుకోనిస్తారు, ఊరి నుంచి పెద్దలు రానిస్తారు. ఆ తర్వాత వేరే మనిషి వచ్చి కూర్చుని అడుగుతాడు. దానం తర్వాత పదేళ్లకు ఆ ఇల్లు ఎట్లా ఉంటుందన్నది ఈ విరామం మీద ఎంత ఆధారపడుతుందో, అడిగేవాళ్లకు కూడా ఒక్కోసారి తెలియదు.

ఇప్పుడు సంతకం సంగతి.

కన్నప్ప కథ మనకు కొత్త కాదు. శివుడి కంట్లో రక్తం కారుతుంటే తన కన్ను పెకలించి ఇచ్చిన తిన్నడిది మా ఊరేనని రాజంపేట దగ్గర ఊటుకూరు వాళ్లు చెప్పుకుంటారు. నేత్రదానం సభల్లో ఈ కథ ఎత్తని వక్త ఉండడు. కానీ ఆ కథకూ ఐసీయూ బయట జరిగేదానికీ పోలిక లేదు. తిన్నడు తన కన్ను తానే ఇచ్చాడు. దధీచి తన వెన్నెముక తానే ఇచ్చాడు. ఇక్కడ ఇచ్చేది పోయినవాడు కాదు, మిగిలినవాళ్లు. తన భర్త గుండెను ఇంకొకరికి ఇమ్మని రాసివ్వాల్సినామెకు ఇరవై నాలుగేళ్లుంటాయి. పెళ్లయి ఐదేళ్లవుతుంది. చేతిలో బిడ్డ ఉంటుంది. ఆమె పక్కన మామ, బావ, చిన్నాయన, ఊరి నుంచి వచ్చిన రాజకీయ నాయకుడొకడు.

కాగితం మీద ఆమె దగ్గరి బంధువు, ఆమె సంతకమే ముఖ్యం. మాటల్లో మాత్రం ఆమెను అడిగేది చివర్న. మగవాళ్లు బయట చెట్టు కింద తేల్చుకుని వచ్చి, 'పెట్టమ్మా' అంటారు. లేదా ఆమె ఇద్దామంటే, 'చచ్చినోన్ని కోయిస్తావా' అని అత్త గుండెలు బాదుకుంటుంది. రెండు విధాలుగానూ ఆ కాగితం మీద ఆమె పేరే ఉంటుంది. తర్వాత ఎప్పుడో పొలం పంపకాల్లోనో, బీమా డబ్బు దగ్గరో మాటామాటా పెరిగినప్పుడు ఆ కాగితం బయటికొస్తుంది. 'నువ్వే కదా వాన్ని కోయించింది.' ఈ ఒక్క మాటకు భయపడే 'నాకు తెలీదు, పెద్దోళ్లను అడగండి' అని తప్పుకునే ఆడవాళ్లుంటారు. వాళ్లను తెలివితక్కువవాళ్లనుకోకూడదు. వాళ్లకు వాళ్ల ఇల్లు తెలుసు.

అందుకే మంచి సమన్వయకర్తలు ఒక్కరి సంతకంతో సరిపెట్టుకోరు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అందరినీ కూర్చోబెట్టి అందరి ఎదుట మాట తీసుకుంటారు. ఒక్కరు గట్టిగా వద్దన్నా ఆగిపోతారు. కొన్ని అవయవాలు దక్కకుండా పోతాయి నిజమే. కానీ ఒక ఇల్లు చీలిపోయి వచ్చే అవయవం మీద ఈ వ్యవస్థ ఎక్కువ కాలం నిలబడలేదు. నా వరకు అది సరైన లెక్కే.

చనిపోయినవాడి మనసులో మాట ఎవరికైనా ముందే తెలిసి ఉంటే ఈ బరువు అంతా సగమవుతుంది. టీవీలో ఏదో వార్త చూస్తూ 'నాకేమన్నా అయితే నావీ ఇచ్చెయ్యండి' అని అన్నం తింటూ అన్న మాట చాలు. అప్పుడు భార్య నిర్ణయం తీసుకుంటున్నట్టు కాదు, అతను చెప్పిన పని చేస్తున్నట్టు. తర్వాత ఎవరు దెప్పినా 'ఆయప్ప చెప్పినాడు' అని ఒక్క మాటతో నిలబడగలదు. వేర్వేరు దేశాల్లో అడిగినా కుటుంబాలు చెప్పేది ఇదే.

మతం గురించి అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. కళ్లు ఇస్తే వచ్చే జన్మలో గుడ్డిగా పుడతారన్న భయం పల్లెల్లో ఇంకా ఉంది. కాల్చితే కళ్లు కూడా కాలతాయి కదా, అప్పుడు రాని గుడ్డితనం ఇప్పుడెట్లా వస్తుందని ఎవరైనా నిదానంగా అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. కర్నూలు, కడపల్లో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. 1988లో జెడ్డాలో అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ షరతులతో అవయవ మార్పిడిని సమ్మతించింది. మన ఉపఖండంలో ఉలమాల (మతపండితుల) మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మతం కంటే అసలు ఇబ్బంది వాళ్లకు సమయంతో వస్తుంది. వీలైనంత త్వరగా ఖననం జరగాలి, పరీక్షలు, సేకరణ, పోస్టుమార్టం కలిపి ఒక రోజు పైనే పట్టవచ్చు. హిందూ ఇళ్లలో ఇంకో రకం చిక్కు: తిథి ఏది? ప్రమాదం జరిగిన రోజా, డాక్టర్లు రాసిచ్చిన రోజా, ఆపరేషన్ థియేటర్‌లో గుండె ఆగిన రోజా? ఏటా సంవత్సరీకం పెట్టాల్సినవాళ్లకు ఇది చిన్న ప్రశ్న కాదు. పురోహితుడి దగ్గరికి వెళ్లకముందే ఆస్పత్రివాళ్లు మరణ ధ్రువీకరణ తేదీ, సమయం స్పష్టంగా చెప్పి పంపాలి.

ఇక ఊరు. రాయలసీమ పల్లెలో శవం వచ్చిన సాయంత్రానికే ఒక ప్రశ్న పుడుతుంది: 'ఎంత ముట్టిందంట?'

దానం చేసిన కుటుంబాన్ని ఏళ్ల తరబడి కోసేది అవయవాలు పోయాయన్న బాధ కంటే ఈ ప్రశ్నే. దీనికి మూలం కేవలం దుర్బుద్ధి కాదు. కిడ్నీ రాకెట్ల వార్తలు జనం చదివినారు. పేదవాళ్లను ఊరించి కిడ్నీ తీసుకుని మోసం చేసిన కథలు వాళ్లకు తెలుసు. వాళ్లకు తెలియనిది, ఆ దందా నడిచేది బతికున్నవాళ్ల కిడ్నీల మీద అని. బ్రెయిన్‌డెడ్ మనిషి అవయవాలు నలుగురు డాక్టర్ల ధ్రువీకరణ తర్వాత, మరణానంతర అవయవదానాన్ని నడిపించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ జాబితాలో బ్లడ్‌గ్రూపు, వరుస, జబ్బు తీవ్రత చూసి వెళ్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో నడక మొదలుపెట్టిన ఈ జీవన్‌దాన్ ఇప్పుడు రెండు రాష్ట్రాలకూ వేర్వేరుగా ఉంది. అవయవాలు అమ్మినా కొన్నా 2011 సవరణ ప్రకారం 5 నుంచి 10 ఏళ్ల జైలు, 20 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. అవయవాలకు బదులుగా కుటుంబానికి పైసా రాదు. బ్రెయిన్ డెత్ ధ్రువీకరించిన తర్వాత శరీరాన్ని నిలిపి ఉంచే ఖర్చు, సేకరణ ఖర్చు కుటుంబం మీద వేయకూడదని 2014 నియమాలు చెప్తున్నాయి, అంతే.

మరి ఊరికి అనుమానం ఎందుకు బలపడుతుంది? కొన్ని నెలలకు ఆ ఇంటికి నిజంగానే డబ్బు వస్తుంది. అది ప్రమాద బీమా, లేదా మోటారు ప్రమాదాల కేసులో పరిహారం. ఆ డబ్బుతో ఆమె అప్పు తీర్చుకుంటుంది, ఇంటికి రేకులు మార్పించుకుంటుంది. ఊరు రెండింటినీ ముడేస్తుంది: 'గుండె అమ్మితే వచ్చిన రేకులు.' ఈ మాట విన్న తల్లి ఇంకెవరినైనా ఇమ్మని చెప్తుందా? ఒక్క పుకారు చుట్టుపక్కల పది ఊర్లలో దానాన్ని ఆపేస్తుంది.

ఈ కోణం నుంచి చూస్తే ప్రభుత్వ లాంఛనాల విలువ తెలుస్తుంది. తమిళనాడు 2023లో అవయవదాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో జరుపుతామని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అంత్యక్రియలకు 10,000 రూపాయలు, అధికారుల హాజరు అన్న ఏర్పాటు వచ్చింది. మొదట చదివినప్పుడు ఇదేదో ఫొటోల కార్యక్రమం అనిపించవచ్చు. కానీ కలెక్టరో ఆర్డీవోనో కారు దిగి, ఊరి అరుగు ముందు శవం మీద పూలదండ వేసి, తలవంచి నిలబడితే, 'అమ్ముకున్నారు' అనే నోటికి తాళం పడుతుంది. అమ్ముకున్నవాళ్ల ఇంటికి కలెక్టరు రాడు కదా. ఆ అధికారి నాలుగు మాటలు మాట్లాడి, ఈ కుటుంబానికి ఇందులో ఒక్క రూపాయి లేదు, బీమా డబ్బు వేరు అని మైకులో చెప్తే ఇంకా మేలు. చచ్చినవాడికి ఇచ్చే గౌరవం కంటే బతికున్నవాళ్లకు ఇచ్చే రక్షణ ఎక్కువ పనికొస్తుంది.

దగ్గరివాళ్లెవరూ ఇదే అనుభవంలోంచి వచ్చినవాళ్లు ఉండరన్నది ఇంకో సమస్య. 2023లో దేశం మొత్తం మీద 18,378 అవయవ మార్పిడులు జరిగాయి. మరణానంతరం అవయవాలిచ్చినవాళ్లు మాత్రం 1,099 మందే, అదీ మొదటిసారి వెయ్యి దాటిన సంవత్సరం. నూట నలభై కోట్ల దేశంలో వెయ్యి ఇళ్లు. పత్తికొండలో ఒక తల్లికి ఈ సంగతి మాట్లాడుకోవడానికి ఇంకో తల్లి కావాలంటే చాలా దూరం వెళ్లాలి. ఏడాదికోసారి పిలిచి శాలువా కప్పి మెమెంటో ఇస్తారు. శాలువా చెడ్డదని అనను. కానీ మూడో నెలలో ఒకసారి, సంవత్సరీకం ముందు ఒకసారి ఫోను చేసి 'ఎట్లున్నావమ్మా' అని అడిగే మనిషి ఉంటే ఆ ఇంటికి అంతకంటే ఎక్కువ.

వెళ్లిన అవయవం సంగతి ఏమిటి? ఎవరిది ఎవరికి వెళ్లిందో రెండు వైపులా చెప్పకూడదన్నది పద్ధతి. కొన్ని దేశాల్లో పేర్లు లేకుండా ఉత్తరాలు మార్చుకునే ఏర్పాటుంది, మన దగ్గర అది ఇంకా స్థిరపడలేదు. పేపర్లు, వాట్సాప్ గ్రూపుల వల్ల ఒక్కోసారి వివరాలు బయటపడతాయి, వెతికి పట్టుకుని కలుసుకుంటారు. తల్లి పరాయి పిల్లవాడి ఛాతీకి చెవి ఆనించి గుండె చప్పుడు వింటున్న వీడియోలు చూసి మనం కళ్లు తుడుచుకుంటాం. వీడియో తర్వాత జరిగేది ఎవరూ చూపించరు. మార్చిన గుండె, కిడ్నీ శాశ్వతం కావు. మరణానంతర దాత నుంచి వచ్చిన కిడ్నీ బాగా పనిచేస్తే పది పదిహేనేళ్లు, కొన్నిసార్లు ఎక్కువ, కొన్నిసార్లు చాలా తక్కువ. గ్రహీత చనిపోయినాడని తెలిసిన రోజు ఆ తల్లికి రెండో చావు. డబ్బు విషయంలోనూ ఇరువైపులా ఇబ్బందులు రావచ్చు. గోప్యత కఠినంగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అది దాత కుటుంబానికే ఎక్కువ కాపలా. 'కిడ్నీ తీసుకున్న వ్యక్తి క్షేమంగా ఉన్నాడు' అన్న ఒక్క వాక్యం, పేరు లేకుండా, సమన్వయకర్త ద్వారా అందితే చాలామందికి సరిపోతుంది.

ఇదే కారణంతో 'చనిపోయినా బతికే ఉన్నాడు' అన్న శీర్షికలు నాకు నచ్చవు. వెచ్చటి ఒంటిని చూసి చావును నమ్మలేకపోయిన కుటుంబానికి, పది రోజులు తిరక్కముందే 'బతికే ఉన్నాడు' అని చెప్పడం ఏం న్యాయం? పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్తగా ఉండాలి. 'మీ నాన్న కళ్లు ఇంకొకరు పెట్టుకున్నారు' అని విన్న ఐదేళ్ల బిడ్డ బస్టాండులో మొహాలు వెతుకుతుంది. నాన్న చనిపోయినాడు, ఆయన ఒంట్లోంచి డాక్టర్లు తీసిన భాగంతో ఒక జబ్బు మనిషికి నయమైంది అని చెప్పడమే ఆ వయసుకు అర్థమయ్యే నిజం.

సంతకాలన్నీ అయినాక కూడా దానం జరగకపోవచ్చు, ఇది మనం ఊహించం. తొలి, రెండో పరీక్షల మధ్యనే గుండె ఆగిపోతుంది, లేదా అవయవాల్లో ఇన్ఫెక్షన్ ఉందని తేలుతుంది. అంత గుండె నిబ్బరం చేసుకుని ఇస్తామంటే, ఎవరికీ పనికిరాలేదన్న మాట కుటుంబాన్ని విచిత్రంగా కుంగదీస్తుంది. అప్పుడు కూడా చాలాసార్లు కళ్లు ఇవ్వవచ్చని గుర్తుచేసే మనిషి పక్కన ఉండాలి.

కళ్ల దారి వేరు, చాలా సులువు. దానికి వెంటిలేటర్ అక్కర్లేదు, బ్రెయిన్ డెత్ అక్కర్లేదు. ఇంట్లో మంచం మీద పోయిన డెబ్బై ఏళ్ల అవ్వ కళ్లూ పనికొస్తాయి. 6 గంటల్లోపు తీసుకోవాలి. అద్దాలు పెట్టుకున్నా, శుక్లం ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా అడ్డు కాదు. ఫోన్ చేసి, ఫ్యాను ఆపి, కనురెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టి, తల కింద దిండు ఎత్తి ఉంచితే చాలు. వచ్చినవాళ్లు సుమారు అరగంటలో పని ముగిస్తారు, మొహం వికారంగా మారదు. వాడేది కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియా. రెండు కళ్లతో సాధారణంగా ఇద్దరికి చూపు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 1989 నుంచి రామాయమ్మ నేత్రనిధిని నడుపుతోంది, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆస్పత్రి ఉంది.

2021 అక్టోబరు 29న కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ చనిపోయినప్పుడు ఆయన కార్నియాల పొరలను విడదీసి బెంగళూరులో నలుగురికి అమర్చారు. తండ్రి రాజ్‌కుమార్ కళ్లు 2006లోనే ఇచ్చారు. పునీత్ పోయిన తర్వాత కర్ణాటకలో నేత్రదానానికి పేర్లు రాయించుకున్నవాళ్ల వరద. బెంగళూరు వైపే చూసే అనంతపురం, హిందూపురం కుర్రాళ్లకు కూడా ఆ మాట చేరింది. 2008లో చెన్నై దగ్గర ఒక డాక్టరు దంపతులు ప్రమాదంలో పోయిన తమ టీనేజి కొడుకు అవయవాలు ఇవ్వడం తమిళనాడులో మరణానంతర దానాన్ని మలుపు తిప్పింది. ఒక ఇంటి నిర్ణయం ఆ ఇంటి గోడలు దాటి ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ రెండూ చాలు.

కళ్లు ఇచ్చిన ఇళ్లలో ఇందాక చెప్పిన బరువు చాలావరకు కనిపించదు. చావు కళ్లముందు జరిగి ముగిసింది, అనుమానం లేదు, శవం ఎక్కడికీ పోలేదు, ఎదురుచూపు లేదు. 'మా అవ్వ కండ్లు ఇచ్చినాం' అని పెద్దదినం నాడు బంధువులకు చెప్పుకుంటారు. అవయవదానానికి తలుపు తెరిచేది కూడా చాలాసార్లు ఇట్లాంటి ఇళ్లే.

అవయవం అందుకునే అవతలి ఇంటి గురించి మాట్లాడకుండా ఈ లెక్క పూర్తి కాదు. 1995 నుంచి 2021 దాకా మన దేశంలో జరిగిన 36,640 మార్పిడుల్లో 29 వేలకు పైగా మగవాళ్లకే జరిగాయి. బతికుండగా అవయవమిచ్చేవాళ్లలో ఐదుగురికి నలుగురు ఆడవాళ్లు. డయాలసిస్‌లో ఉన్న భర్తకు భార్య ఇస్తుంది, కొడుకుకు తల్లి ఇస్తుంది. భార్యకు జబ్బు చేస్తే అందరూ దిక్కులు చూస్తారు. ఎవరి మీద ఎవరు ఒత్తిడి చేసినారు, ఎవరు మనస్ఫూర్తిగా ఇచ్చినారు అన్నది ఆ ఇంట్లో జీవితాంతం నలిగే లెక్క. గుత్తి దగ్గర ప్రమాదంలో పోయిన కుర్రాడి రెండు కిడ్నీలు ఇద్దరు రోగులకు వెళ్లినాయంటే, బహుశా ఇద్దరు ఆడవాళ్లు ఆపరేషన్ బల్ల ఎక్కకుండా తప్పించుకున్నారు. వార్తలో ఈ ఇద్దరూ లెక్కకు రారు.

గ్రహీతకు కూడా కథ సుఖాంతం కాదు. శరీరం పరాయి అవయవాన్ని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ లాంటి మాత్రలు జీవితాంతం, వేళ తప్పకుండా వేసుకోవాలి. వాటి వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది, చిన్న జ్వరానికే టెన్షన్. ప్రభుత్వ పెన్షన్ కొంత ఆసరా, అయినా పరీక్షలు, ప్రయాణాలు, మందులు ఒక చిన్న రైతు కుటుంబాన్ని వంచేస్తాయి. వీటన్నిటి కింద బయటికి చెప్పుకోలేని ఇంకో మాట ఉంటుంది: నేను గుండె కోసం దేవుణ్ణి మొక్కుకున్న రోజుల్లో, ఎవరో చావాలని మొక్కుకున్నట్టేనా? కాదు. ఆ చావు ఆ మొక్కుతో రాలేదు, హెల్మెట్ లేని బైకుతో వచ్చింది. ఆ మాట వాళ్లకు ఎవరైనా నోటితో చెప్పాలి.

చివరగా కాగితం పని. 18 ఏళ్లు నిండిన ఎవరైనా అవయవదానానికి ప్రతిజ్ఞ చెయ్యవచ్చు, 2014 నియమాల్లో దానికి 7వ నంబరు ఫారం ఉంది, జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ వెబ్‌సైటులో ఆధార్‌తో కూడా నమోదు చేసుకోవచ్చు. చట్టం ప్రకారం రాతపూర్వక ప్రతిజ్ఞకు కనీసం ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్లలో ఒకరైనా దగ్గరి బంధువు కావాలి. చాలామంది ఈ గడిని భార్య చేతనో స్నేహితుడి చేతనో చకచకా నింపించేస్తారు. అట్లా కాకుండా, ఇంట్లో ఇట్లాంటి సంగతికి అందరికంటే గట్టిగా అడ్డం తిరిగే మనిషి ఎవరో చూడండి. తల్లి కావచ్చు, అన్న కావచ్చు. ఆ మనిషి చేతే సాక్షి సంతకం పెట్టించండి. ఆయన పెట్టనంటే, ఎందుకు పెట్టడో అప్పుడే, అందరూ బాగున్న రోజునే తెలిసిపోతుంది.